అన్న ఇచ్చిన ఇంజను

మా పికప్ బండి ఇంజను ఆస్పరి దాటాక చచ్చిపోయింది. పత్తికొండ మార్కెట్లో టమాటా ఎత్తుకుని ఆదోనికి వస్తున్నాం. మా ఆయన నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చుని ఏ హోటలుకు ఎన్ని బాక్సులు దింపాలో ఫోన్లో మాట్లాడుతున్నాను. ముందు ఆవిరి వచ్చింది. ఆపమన్నాను. ఇంకాస్త దూరం పోతే నీళ్ళు దొరుకుతాయని ఆయన లాగాడు. లోపల ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు వచ్చి బండి నిలబడిపోయింది. సరుకును ఆటోలకు మార్చి నేను ఆదోనికి వచ్చేశాను. లాక్కొచ్చే ట్రాక్టరు దొరికేదాకా ఆయన బండి దగ్గరే కూర్చున్నాడు.

ఆదోనిలో మార్కెట్ యార్డు వెనక ఒక షెడ్డుంది. అక్కడి మెకానిక్‌ను మేం భాయ్ అంటాం. కొన్నప్పటి నుంచి మా బండి మీద ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. ఆయన ఇంజను విప్పి చూసి బ్లాకే పగిలిందన్నాడు. అతికించినా నిలవదు, వేరే ఇంజను చూసుకోమన్నాడు. మా బండి పాతది. ఆ మోడలు తయారు చేయడం మానేసి చాలా కాలమైంది. పాత ఇంజన్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి కానీ, అవి ఎవరి బండివో, ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చినవో ఎవరూ చెప్పలేరు.

మా ఇద్దరి బతుకూ ఆ బండి మీదే. పత్తికొండలో టమాటా పట్టుకొచ్చి ఆదోని హోటళ్ళకూ, ఎమ్మిగనూరు కూరగాయల మార్కెట్టుకూ వేస్తాం. కొనడం, అమ్మడం నా పని. బండి ఆయన పని. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. నడుము పట్టేస్తుంటే చూడలేక, మా అన్న ఆయనను తన బండిలో ఎక్కించుకుని డ్రైవింగు నేర్పాడు. ఈ పికప్ కొనిపించింది కూడా అన్నే. తనదీ అదే మోడలు కాబట్టి దాని సంగతులన్నీ తెలుసు.

అన్నది ఎమ్మిగనూరు. మగ్గాల వాళ్ళకు నూలు తెచ్చివ్వడం, నేసిన చీరలు దుకాణాలకు చేర్చడం చేసేవాడు. వానలు లేని ఏడాది కోసిగి వైపు పల్లెల వాళ్ళు పనులకు వలస పోతుంటే వాళ్ళ సామాన్లూ, పిల్లలూ, ముసలివాళ్ళూ అన్న బండిలోనే. అట్లా ఒకసారి జనాన్ని రైలు దగ్గర దించి ఖాళీగా తిరిగి వస్తుంటే, మలుపులో ఉల్లిగడ్డల ట్రాక్టరు అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి గుంతలోకి పోయాడు. ముందు భాగమంతా నుజ్జయింది. ఎడమ కాలికి రాడ్లు వేశారు. మోకాలు ఇప్పటికీ సగమే వంగుతుంది. క్లచ్ తొక్కలేడు. పోయేటప్పుడు జరగలేదు, వచ్చేటప్పుడు జరిగింది, అదే చాలని ఆసుపత్రి మంచం మీద అనేవాడు.

బండి బాడీని తుక్కు కింద ఇచ్చేశాడు. ఇంజను మాత్రం ఇవ్వలేదు. దాన్ని ఇంటి వాకిట్లో రేకుల కింద దుంగల మీద పెట్టించి టార్పాలిన్ కప్పాడు. అప్పుడప్పుడు పట్ట తీసి, ఆయిలు చూసి, పెద్ద స్పానర్ వేసి చేత్తో తిప్పేవాడు. తిప్పకపోతే జాం అవుతుందట. బట్టలు ఆరేసుకునే చోటు కదా, దీన్నెందుకు ఉంచుకున్నావని మా వదిన అడిగితే స్పానర్ వేసి ఇంకో చుట్టు తిప్పేవాడు. తర్వాత ఎప్పుడో వదినే నాకు చెప్పింది, చేత్తో క్లచ్ పట్టేలా బండి మార్చేవాళ్ళు కర్నూల్లో ఉన్నారేమోనని అన్న అందరినీ అడుగుతున్నాడని. ఉన్నారు గానీ, సరుకు బండికి అట్లా లైసెన్సు ఇవ్వరని చెప్పారట. అయినా ఇంజను తిప్పడం మానలేదు.

మా ఇంజను పోయిందని విన్న రోజే ఫోన్ చేశాడు.

"నా కాడ ఊరికే పడుండాది గదమ్మా. మీది, నాది ఒకటే మోడలు. తీస్కపోండి" అన్నాడు.

నేను వెంటనే సరే అనలేకపోయాను. ఆలోచిద్దాం అన్నాను. దానికి ఆలోచించేదేముంది, రేపు ఏదైనా బండి మాట్లాడుకుని రమ్మన్నాడు. మరుసటి రోజు మా ఆయన, భాయ్ పోయి ఎక్కించుకొచ్చారు. ఎక్కిస్తున్నంతసేపూ అన్న గోడకానుకుని నిలబడి, తాడు ఇక్కడ కట్టండి, అక్కడ పట్టుకోవద్దు వంగిపోతుంది అని చెబుతూనే ఉన్నాడట. బండి కదిలాక ఇంట్లోకి పోయి పడుకున్నాడని వదిన చెప్పింది.

ఇంజను దించడం, ఎక్కించడం భాయ్ దగ్గరుండి చేశాడు. చైన్ పుల్లీకి వేలాడుతూ అది మా బండిలోకి దిగుతుంటే నేను కూడా షెడ్డులో ఉన్నాను. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. మా ఆయన అన్నకు ఫోన్ చేసి, ఫోన్‌ను బానెట్ దగ్గర పెట్టాడు. అవతల నుంచి అన్న ఒకసారి యాక్సిలేటరు తొక్కమన్నాడు. తర్వాత, సరే, జాగ్రత్తగా వాడుకోండని పెట్టేశాడు. ఇంజను నంబరు మారింది కదా, ఆ కాగితాల పని కూడా మా ఆయన తిరిగి చేయించుకున్నాడు.

ఆ వారంలోనే తేడా మొదలైంది.

ముందు వణుకు. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు, అద్దం, డోరు అన్నీ ఊగేవి. నా చేతిలో టీ గ్లాసు నిలిచేది కాదు. భాయ్ కిందికి దూరి చూసి, ఇంజనును పట్టి ఉంచే రబ్బర్లు పాతవని, పగిలిపోయాయని కొత్తవి వేశాడు. వణుకు తగ్గింది. అయిపోయిందనుకున్నాం. కానీ రోడ్డెక్కాక అసలుది బయటపడింది. బాగా పోతూ పోతూ ఇంజను ఉన్నట్టుండి తడబడేది. యాక్సిలేటరు తొక్కినా ఎత్తుకునేది కాదు. డుగ్ డుగ్ మని ఈడ్చుకుంటూ కాసేపు పోయి మళ్ళీ సర్దుకునేది. కొన్నిసార్లు సర్దుకోకుండా ఆగిపోయేది. మెకానిక్కులు దీన్ని మిస్సింగ్ అంటారు. మా ఆయన దిగి, డీజిల్ ఫిల్టరు పక్కన ఉండే చేతి పంపు కొట్టి, గాలి తీసేసి స్టార్ట్ చేస్తే నడిచేది. ఎంతసేపు నడుస్తుందో చెప్పలేం.

భాయ్ ఫిల్టరు మార్చాడు. రెండు ట్రిప్పులు బ్రహ్మాండంగా తిరిగింది. మళ్ళీ మొదలు. ఇంజనులోకి డీజిల్ చల్లే నాజిళ్ళు విప్పి డీజిల్ పంపుల షాపులో పరీక్ష చేయించాడు. ఒకటి సరిగ్గా చల్లడం లేదని మార్చారు. పత్తికొండకు పోయి వచ్చాం, బాగుంది. ఇంకో రోజుకు మళ్ళీ అదే. ఇంజను దగ్గరున్న రబ్బరు పైపులు మార్చాడు, క్లిప్పులు బిగించాడు. ప్రతిసారీ షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు బాగుండేది. నాలుగు రోజులు పోయేసరికి మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టేది.

ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే జరిగేది. సరుకు నిండా ఉండి, ఆస్పరి దగ్గర రోడ్డు ఎత్తెక్కే చోట ప్రాణం పోయినట్టు అయ్యేది. టమాటా ఆలస్యాన్ని ఓర్చుకోదు. హోటళ్ళ వాళ్ళు ఒకసారి రెండుసార్లు చూశారు, తర్వాత వేరేవాళ్ళ దగ్గర తీసుకోవడం మొదలుపెట్టారు. నేను వాళ్ళను తప్పు పట్టలేదు. మధ్యాహ్నానికి వంట కావాలి వాళ్ళకు.

చివరికి భాయ్, ఇక డీజిల్ పంపు విప్పాల్సిందే అన్నాడు. అది ఇంజనుతో పాటు అన్న దగ్గర నుంచి వచ్చింది. అన్నేళ్ళు డీజిల్ పారకుండా పడి ఉంది కాబట్టి లోపల తుప్పు పట్టి ఉండవచ్చన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన ముఖం మారింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"మీ యన్న సేతిలో ఇంజను బాగుండె. కాదనను. కానీ పడినప్పుడు దానికీ దెబ్బ తగిలుంటాది గదా. ఆ సంగతి మనకు సెప్పాల్సింది" అన్నాడు.

నాకు మండింది. తెలిసి ఇచ్చాడంటావా అని అడిగాను. తెలిసి ఇచ్చాడని కాదు, తెలియకనే ఇచ్చి ఉంటాడని ఆయన అన్నాడు. దానిమీద మాటా మాటా పెరిగింది. ఆయనకు స్టీరింగు పట్టడం నేర్పింది ఎవరో గుర్తు చేశాను. అది అనకుండా ఉండాల్సింది. ఆయన పళ్ళెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. రెండు రోజులు మా మధ్య బండి మాటలు తప్ప వేరే మాటలు లేవు.

మధ్యలో అన్న ఫోన్ చేశాడు. నేను స్నానానికి పోయాను, మా ఆయన ఎత్తాడు. తలుపు అవతల నుంచి విన్నాను. ఇంజను ఎట్లా ఉందని అడిగినట్టున్నాడు.

"బంగారం లెక్క ఉండాది బావా. నువ్వేం బుగులు పెట్టుకోవాకు" అని మా ఆయన అన్నాడు.

బయటికి వచ్చి ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్ చార్జింగుకు పెట్టుకుంటూ నా వైపు చూడలేదు. నాలో ఉన్న కోపం సగం అక్కడే పోయింది.

పంపు విప్పడానికి భాయ్ వారం చివరలో రమ్మన్నాడు. ఆ లోపల ఎమ్మిగనూరు మార్కెట్టుకు సరుకు ఇవ్వాల్సి ఉంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దగ్గరే కాబట్టి తెగించి బయలుదేరాం. ఊళ్ళోకి వచ్చేశాం, మార్కెట్ గేటు కనబడుతోంది, అక్కడ ఆగిపోయింది. వెనక బస్సు హారన్. మా ఆయన బానెట్ ఎత్తి చేతి పంపు కొడుతున్నాడు. నేను బాక్సులు తోపుడు బండి మీదికి దింపిస్తున్నాను. మార్కెట్లో అన్నను ఎరగని వాళ్ళు లేరు. ఎవరు ఫోన్ చేశారో గానీ, సరుకంతా దిగేలోపే ఆటోలో అన్న వచ్చాడు.

కర్ర ఆనుకుని దిగి బానెట్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా ఆయన చెయ్యి పంపు మీదే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ సంది ఇట్ల?" అన్న అడిగాడు.

"అప్పుడప్పుడు బావా. పెద్దగా ఏం లేదు."

అన్న నా వైపు తిరిగాడు. నేను తల దించుకుని బాక్సులు సర్దుతున్నాను.

"పాడైంటే పాడైందని సెప్పాల గదమ్మా. మీరు బాగుందంటే నేను ఇంట్లో కూసోని అదే నిజమనుకుంటాంటి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

మా ఆయన అప్పుడు దాచలేదు. రబ్బర్ల నుంచి నాజిళ్ళ దాకా జరిగినదంతా చెప్పాడు. భాయ్ పంపు విప్పాలన్న మాట కూడా చెప్పాడు. అన్న అంతా విని, తాను కూడా ఆదోనికి పోయి వస్తానని ఒక్క మాట వదినకు ఫోన్లో చెప్పి, బండి ఎక్కించమన్నాడు. క్యాబిన్‌లో ఎడమ కాలు చాపుకోవడానికి చోటు చాలదు. నేను మధ్యలోకి జరిగి గేరు రాడ్డుకు మోకాలు తగలకుండా ఒదిగి కూర్చున్నాను. ప్రమాదం జరిగాక అన్న పికప్ ఎక్కడం అదే మొదటిసారి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఊరు దాటేదాకా అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. బండి రెండుసార్లు తడబడింది. ఇంజను లోపల దెబ్బ ఏమీ వినబడటం లేదన్నాడు. దీనికి తాగడానికి సరిగ్గా అందడం లేదు, గాలి మింగుతోంది అన్నాడు. మా ఆయన, గాలి ఎక్కడ నుంచి వస్తుందో తెలియకనే కదా ఇన్ని రోజులూ అని విసుక్కున్నాడు. పైపులన్నీ మార్చినట్టు మళ్ళీ చెప్పాడు. కొంతదూరం వచ్చాక అన్న, ఒకటి అడుగుతాను ఆలోచించి చెప్పమన్నాడు. ఇది ఎప్పుడెప్పుడు వస్తోంది, ఎప్పుడెప్పుడు రావడం లేదు?

మా ఆయన, సరుకు ఉన్నప్పుడని చెప్పాడు. ఎమ్మిగనూరు నుంచి ఇప్పుడు ఖాళీగా వస్తున్నాం కదా మరి, ఇప్పుడూ తడబడింది కదా అన్నాను నేను. ఎత్తు మీదని చెప్పాడు. ఎమ్మిగనూరు మార్కెట్ ముందు ఎత్తెక్కడుంది? వేడెక్కాక అన్నాడు. ఒక్కోసారి పొద్దున్నే ఇంటి ముందే ఆగింది. మేం అట్లా ఒక్కొక్కటే అనుకుంటుంటే నాకు షెడ్డు గుర్తుకొచ్చింది. రిపేరు చేసిన ప్రతిసారీ రెండు ట్రిప్పులు బాగుండేది. రిపేరు అయిన ప్రతిసారీ మేం చేసే పని ఏమిటి? షెడ్డులోంచి నేరుగా బంకుకు పోయి, ఇక భయం లేదని ట్యాంకు నింపుకుని పత్తికొండకు పోవడం.

"డీజిల్ నిండుగా ఉన్నప్పుడు రావడం ల్యా. తగ్గినాక వస్తాండాది" అన్నాను.

మా ఆయన బండిని పక్కకు తీసి ఆపేశాడు. డీజిల్ ముల్లు వైపు చూశాడు. సగం కంటే బాగా కిందికి ఉంది. ఇంజను మార్చకముందు ఆయన ట్యాంకు ఎప్పుడూ సగం దిగనిచ్చేవాడు కాదు. పాత బండి, అడుగున మట్టి లాగుతుందని అన్న నేర్పిన అలవాటు. ఇంజను మార్చినప్పటి నుంచి బేరం తగ్గి, రిపేరు అయిన రోజు తప్ప అవసరానికి కొంచెం కొంచెం పోయిస్తున్నాం.

ఆ మాట మీద గట్టిగా నిలబడటానికి మాకు ధైర్యం చాలలేదు. ఇంతకు ముందు ప్రతి రిపేరుకూ ఇదే కారణమని అనుకున్నాం కదా. నేరుగా షెడ్డుకు పోయాం. బండిని చూడగానే భాయ్ డీజిల్ పంపు విప్పే సామాన్లు తీయబోయాడు. మేం చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు. పంపు విప్పితే మళ్ళీ సెట్ చేయడం పెద్ద పని, దానికి ముందు తేల్చుకునే దారి ఒకటుంది అన్నాడు. ట్యాంకును పక్కన పెట్టి, క్యాను నుంచి నేరుగా ఇంజనుకు డీజిల్ ఇద్దాం. అప్పుడు కూడా మిస్సింగ్ కొడితే తప్పు ఇంజనుది, లేకపోతే ట్యాంకు వైపుది.

"ఇంజనుదే అయితే నేను ఒప్పుకుంటా. తీసేసి నా వాకిట్లో పడేయండి" అన్నాడు అన్న.

తెల్లటి ప్లాస్టిక్ క్యానులో డీజిల్ పోశారు. దాని నోట్లోంచి రెండు కొత్త పైపులు ఇంజను దాకా లాగారు, ఒకటి పోవడానికి, ఒకటి మిగిలింది తిరిగి రావడానికి. క్యానును క్యాబిన్ వెనక కమ్మీకి కట్టారు. ఎవరైనా దాన్ని చూసుకుంటూ వెనక కూర్చోవాలి. భాయ్ ఎక్కబోతే, తాను ఎక్కుతానని అన్న అన్నాడు. కాలు చాపుకోవడానికి అక్కడే చోటుందన్నాడు. ఎవరూ వద్దనలేకపోయాం. మా ఆయన, భాయ్ చెరో చెయ్యి పట్టి ఎత్తి కూర్చోబెట్టారు. బరువు కోసం షెడ్డులో ఉన్న ఇసుక మూటలు కూడా వేశారు. భాయ్ ముందు కూర్చున్నాడు. నేను అన్నతో పాటు వెనక ఎక్కాను.

ఆస్పరి రోడ్డు పట్టాం. పొలాల్లో పత్తి తీస్తున్నారు. అన్న ఒక చేత్తో క్యానును, ఇంకో చేత్తో కమ్మీని పట్టుకున్నాడు. పైపులో బుడగలు వస్తాయేమోనని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఎత్తు వచ్చింది. మా ఆయన కావాలనే మధ్యలో వేగం తగ్గించి మళ్ళీ తొక్కాడు. ఇంజను ఎక్కడా తగ్గలేదు. ఒకే పాటుగా గుంజుకుంటూ పైదాకా పోయింది. అక్కడ ఆపి, కాసేపు అట్లాగే వదిలి, మళ్ళీ వెనక్కి తిప్పుకుని వచ్చాం. ఒక్క తడబాటు లేదు.

కిందికి దిగే చోట అన్న ఏడుస్తున్నాడని నాకు తెలిసింది. క్యాను పట్టుకున్న చెయ్యి వదలకుండా భుజానికి ముఖం తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

షెడ్డుకు వచ్చాక ట్యాంకు దించారు. లోపలికి దిగి అడుగు దాకా పోయే సన్న ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. ఇంజను డీజిల్‌ను దాంట్లోంచే లాగుతుంది. భాయ్ దాన్ని బయటికి తీసి ఒక కొసను వేలితో మూసి, బకెట్టు నీళ్ళలో ముంచి ఇంకో కొస నుంచి ఊదాడు. గొట్టం నడుములోంచి బుడగలు లేచాయి. తుడిచి చూస్తే అక్కడ తుప్పు తిన్న చీలిక. వెంట్రుకంత. డీజిల్ దానికి పైన ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలియదు. కిందికి దిగిందంటే ఇంజను డీజిల్‌తో పాటు గాలి కూడా లాగుతుంది. ఆ చీలిక పాత ఇంజను ఉన్నప్పుడే పడిందో, ఇంజను మార్చేటప్పుడు ట్యాంకును కదిలించడంలో పడిందో ఇప్పటికీ తెలియదు. తన చేతుల్లోనే పడి ఉండొచ్చని భాయ్ తనంతట తానే అన్నాడు. ఇంజను మారింది కాబట్టి ఇంజను చుట్టే తిరిగాను, వెనక్కి చూడలేదు అని కూడా అన్నాడు. మాకూ అదే జరిగింది.

గొట్టాన్ని కొత్తది వేసి, ట్యాంకు కడిగి ఎక్కించారు. ఈసారి కావాలనే నింపలేదు. అడుగున కొంచెం డీజిల్‌తో ఆదోని చుట్టూ తిరిగాం, కొండ కింద ఎత్తుపల్లాల వీధుల్లో బండిని ఎక్కించాం దించాం. బాగుంది. భాయ్ షెడ్డు ముందు టీ తెప్పించాడు. బండి స్టార్ట్‌లోనే ఉంది.

మా ఆయన టీ తాగడం అయిపోయినా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. క్షమించమని అడిగే అలవాటు ఆయనకు లేదు. వాళ్ళ ఇంట్లో ఎవరికీ లేదు.

"బావా, రేపు పత్తికొండకు పోతాండాం. నువ్వూ రాకూడదా?" అన్నాడు.

"నేనొచ్చి ఏం సేస్తా అప్పా? క్లచ్ తొక్కలేను, బాక్సు ఎత్తలేను."

"ఆయమ్మ మార్కెట్లో బేరం సేస్తాంటే నేను బండి కాడ ఒక్కన్నే ఉంటా. తోడుకు రా."

అన్న నా వైపు చూశాడు. నేను రమ్మన్నాను. ఆ రాత్రికి మా ఇంట్లోనే పడుకున్నాడు. వదిన ఫోన్ చేసి, కాలి మాత్రలు తీసుకుపోలేదని తిట్టింది. మాత్రలు ఆదోనిలోనే కొన్నాం.

పొద్దున పత్తికొండకు పోయేటప్పుడు ముగ్గురం ముందే కూర్చున్నాం. మార్కెట్లో ట్రాక్టర్లు, ఆటోలు కిక్కిరిసి ఉన్నాయి. వెనక్కి తీసుకునే చోటు లేక మా ఆయన అవస్థ పడుతుంటే, అన్న దిగి కర్రతో దారి చూపించి రెండు బండ్ల మధ్యకు సరిగ్గా పెట్టించాడు. తర్వాత నాతో పాటు మార్కెట్లోకి వచ్చాడు. టమాటా కొనడంలో ఆయనకు ఏమీ తెలియదు. ఎర్రగా నిగనిగలాడే కాయలు చూసి ఇవి తీసుకుందాం అన్నాడు. అవి సాయంత్రానికి మెత్తబడతాయి, హోటలు వాడు మొహాన కొడతాడని చెప్పి, కొంచెం దోరగా ఉన్నవి ఎట్లా చూడాలో చూపించాను. తొడిమ దగ్గర వేలితో నొక్కి చూస్తూ వరసంతా తిరిగాడు. ఒక రైతు, కొంటావా నొక్కుతావా పెద్దాయనా అని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆస్పరి ఎత్తులో ముగ్గురమూ మాటలు ఆపేశాం. బండి ఎక్కేసింది. ఎక్కాక మా ఆయన రేడియో పెట్టాడు.

ఆ తర్వాత అన్న వారానికి రెండు మూడు రోజులు మాతో రావడం అలవాటైంది. పోయిన హోటళ్ళలో కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. ఎమ్మిగనూరు మార్కెట్టు మాత్రం ఇప్పుడు పూర్తిగా అన్న చూసుకుంటున్నాడు. అక్కడ తెలిసినవాళ్ళు ఎక్కువ, ఆయన మాటకు నాకంటే మంచి ధర పలుకుతుంది. బండి పాతదే కాబట్టి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. పోయిన నెల డైనమో పోయింది. మా ఆయన భాయ్‌కి చెప్పకముందే అన్నకు ఫోన్ చేశాడు. ఇద్దరూ అరగంట దాని గురించే మాట్లాడుకున్నారు. నేను హోటళ్ళకు ఫోన్ చేసి సరుకు మధ్యాహ్నం వస్తుందని చెప్పి, ఆటో మాట్లాడటానికి పోయాను.